నడవడం వచ్చా మీకు?

"ఇదేం ప్రశ్నండీ! ఏడాది వయసులోనే గోడ పట్టుకుని నడిచాం. ఇక పెళ్లయ్యాక వంటింటికీ పెరటికీ మధ్య తిరిగిన దూరం కొలిస్తే కాశీకి వెళ్లి తిరిగి రావచ్చు" అంటారు కదూ? నిజమే. మన ఆడవాళ్లు నడిచినంత ఎవరూ నడవరు. కానీ లోకంలో ఒక నాట్యం వుంది. అందులో చేరినవాళ్లకి మొట్టమొదట నేర్పేది గిరికీలు కాదు, భంగిమలు కాదు. ఉత్త నడక! పాతికేళ్లుగా ఆ నాట్యం చేస్తున్నవాళ్లు కూడా రోజూ కాసేపు నడక సాధన చేస్తారు, మన సంగీత విద్వాంసులు సరళీ స్వరాలు వదలనట్టు. ఆ నాట్యం పేరు టాంగో. పుట్టిల్లు దక్షిణ అమెరికా ఖండంలోని అర్జెంటీనా దేశం.

ఈ వారం దాని కబుర్లు చెప్పుకుందాం. "మనకెందుకమ్మా ఆ దొరల డాన్సులు" అని పేజీ తిప్పెయ్యకండి. చివరిదాకా చదివితే ఇందులో మన ఇంట్లో, మన వీధిలో పనికొచ్చే సంగతులు చాలా వున్నాయి. నేనేమీ నాట్యం నేర్చినదాన్ని కాదు. మా ఆడపడుచు కూతురు ఉద్యోగం పని మీద ఏడాదిన్నర పాటు అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్ లో వుండి వచ్చింది. అక్కడ సాయంత్రాలు ఈ టాంగో క్లాసులకి వెళ్లేదిట. సెలవుల్లో మా ఇంటికి వచ్చినప్పుడు దాన్ని కూర్చోబెట్టి అడిగినవి కొన్ని, తర్వాత నేను చదివి తెలుసుకున్నవి కొన్ని కలిపి మీకు చెబుతున్నాను.

సినిమా టాంగో వేరు, అసలు టాంగో వేరు

టాంగో అనగానే మన కళ్ల ముందు ఏం మెదులుతుంది? నోట్లో గులాబీ పువ్వు, మెడ విదిలింపు, ఆడమనిషిని వెనక్కి విల్లులా వంచెయ్యడం. అదంతా సినిమాలకీ, స్టేజీలకీ, పోటీలకీ తయారుచేసిన వ్యవహారం. ఇంగ్లీషు సినిమాలు చూసేవాళ్లకి 1992లో వచ్చిన 'సెంట్ ఆఫ్ ఎ ఉమన్' గుర్తుండే వుంటుంది. అందులో చూపు లేని రిటైర్డ్ మిలిటరీ ఆఫీసరుగా వేసిన అల్ పచీనో, హోటల్లో ఒక అమ్మాయితో టాంగో చేస్తాడు. ఆ సినిమాకి ఆయనకి ఆస్కార్ కూడా వచ్చింది. అందులో వినిపించే బాణీ 1935 నాటిది. దాన్ని కట్టినవాడు అర్జెంటీనా ప్రజలు ఇప్పటికీ నెత్తిన పెట్టుకునే గాయకుడు కార్లోస్ గార్దెల్. ఆ ఏడాదే జూన్ 24న కొలంబియాలోని మెదెయిన్ లో జరిగిన విమాన ప్రమాదంలో ఆయన పోయాడు. ఆయన పుట్టిన డిసెంబర్ 11ని అర్జెంటీనాలో ఇప్పటికీ టాంగో దినంగా జరుపుకుంటారు.

బ్యూనస్ ఎయిర్స్ లో మామూలు జనం చేసే టాంగో చూస్తే మీరు ఆశ్చర్యపోతారు. అందులో విదిలింపులు వుండవు. బట్టతల తాతగారు, కాస్త ఒళ్లు చేసిన బామ్మగారు ఒకరికొకరు ఆనుకుని, కళ్లు మూసుకుని, మెల్లగా నడుస్తూ వుంటారు. అంతే! చూసేవాళ్లకి ఏమీ జరగనట్టే వుంటుంది. జరిగేదంతా ఆ ఇద్దరి మధ్య.

ఊరు కాని ఊళ్లో పుట్టిన నాట్యం

ఇది రాజుల కొలువులో పుట్టలేదు. 1880 ప్రాంతాల్లో రియో దె లా ప్లాతా అనే పెద్ద నదికి రెండు ఒడ్డుల మీదా, అంటే ఇటు బ్యూనస్ ఎయిర్స్ లోనూ అటు ఉరుగ్వే దేశపు మాంటెవిడియోలోనూ, బీదవాళ్ల పేటల్లో పుట్టింది. ఆ రోజుల్లో ఇటలీ నుంచీ స్పెయిన్ నుంచీ ఓడల మీద లక్షలాది జనం బతుకు తెరువు కోసం అక్కడికి వచ్చి పడ్డారు. ఎక్కువమంది ఒంటరి మగవాళ్లు. ఒక్కొక్క గదిలో ఒక్కొక్క కుటుంబం, అందరికీ కలిపి ఒకే నడవా వుండే ఇళ్లల్లో వుండేవారు. ఒకరి భాష ఒకరికి సరిగ్గా రాదు. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల సంతతి డప్పుల దరువు, క్యూబా నుంచి వచ్చిన హబనేరా అనే తాళం, పల్లెల నుంచి వచ్చిన మిలోంగా పాటలు, అన్నీ కలిసి ఈ టాంగో అయింది. మాట కలవని చోట అడుగు కలిసిందన్నమాట!

దీని ప్రాణమంతా బందొనియోన్ అనే వాయిద్యంలో వుంది. అది జర్మనీలో పుట్టి, ఓడెక్కి అక్కడికి చేరింది. మన హార్మోనియానికి దగ్గర చుట్టమే. రెండు చేతులతో సాగదీస్తూ, మూస్తూ వాయిస్తారు. మామూలుగా 71 మీటలు వుంటాయి. తమాషా ఏమిటంటే అదే మీట సాగదీసేటప్పుడు ఒక స్వరం, మూసేటప్పుడు ఇంకో స్వరం పలుకుతుంది. అది నేర్చుకోవడం ఎంత కష్టమో ఊహించండి. దాని మోత వింటే ఎవరో గుండె బరువుతో నిట్టూర్చినట్టు వుంటుంది.

మొదట్లో ఆ ఊరి పెద్దింటివాళ్లు దీన్ని చూసి మొహం తిప్పుకునేవారు. 1913 ప్రాంతంలో పారిస్ లో టాంగో పిచ్చి పట్టేసరికి, ఫ్రెంచివాళ్లు మెచ్చాక ఇంట్లోవాళ్లూ మెచ్చారు! పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు, అలాంటిదే అనుకోండి. 1935 నుంచి 1955 దాకా దీనికి స్వర్ణయుగం. దారియెన్సో, దీ సార్లీ, త్రోయిలో, పుగ్లియేసె అనే నలుగురు సంగీత దర్శకుల వాద్యబృందాలకి జనం వెర్రిగా ఎగబడేవారు. 1955లో సైనిక తిరుగుబాటు వచ్చాక ఆ వెలుగు తగ్గింది. కుర్రకారు రాక్ అండ్ రోల్ వైపు వెళ్లిపోయారు. మళ్లీ 1983లో పారిస్ లో 'టాంగో అర్హెంతీనో' అనే ప్రదర్శన వేస్తే, దానితో ప్రపంచమంతా ఇటు తిరిగింది. 2009లో యునెస్కోవారు అర్జెంటీనా, ఉరుగ్వేలు రెండింటి పేరు మీదా దీన్ని మానవజాతి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చారు.

"నెల రోజులు నడిపించారత్తయ్యా!"

"మొదటి రోజు కొత్త చెప్పులు కొనుక్కుని ఉత్సాహంగా వెళ్లానా అత్తయ్యా, ఆ టీచరమ్మ గది ఈ గోడ నుంచి ఆ గోడకి నడవమంది. నడిచాను. మళ్లీ నడవమంది. నెల రోజులు అదే పని. నాకు ఏడుపొచ్చింది" అని చెప్పింది మా పిల్ల.

ఏం చూస్తారుట ఆ నడకలో? ఇది కాస్త శ్రద్ధగా చదవండి. మనం మామూలుగా నడిచేటప్పుడు ముందుకి పడబోతూ, పడకుండా కాలు వేసుకుంటూ పోతాం. మనసు ఎక్కడో గ్యాసు స్టవ్వు మీద పాల దగ్గర వుంటుంది. టాంగో నడకలో అలా కుదరదు. ఒక్కొక్క అడుగులో మూడు పనులు. మొదటిది, ఒంటి బరువంతా ఒకే కాలి మీద నిలపాలి. రెండో కాలు పూర్తిగా ఖాళీగా, తేలికగా వుండాలి. రెండోది, ఆ ఖాళీ కాలిని తుంటి దగ్గర నుంచి చాచి నేలని తాకించాలి, కానీ బరువు ఇంకా వెయ్యకూడదు. మూడోది, అప్పుడు మెల్లగా, నిండుకుండ ఒక చంకన నుంచి ఇంకో చంకకి మార్చుకున్నట్టు, బరువుని ఆ కాలి మీదకి తెచ్చుకోవాలి. వెనక వున్న కాలు నేలని ఒరుసుకుంటూ వచ్చి మొదటి కాలి పక్కన చేరుతుంది. అప్పటికి ఒక అడుగు అయినట్టు. మోకాళ్లు బిగదీయకూడదు. తల వంచి కాళ్ల వంక చూసుకోకూడదు.

ఇలా నడిచేటప్పుడు మనసు ఇంకెక్కడికీ పోవడానికి వీల్లేదు. పోయిందో, తూలుతారు! ధ్యానం, ధ్యానం అని పెద్దవాళ్లు చెప్పేది కళ్లు మూసుకుని కూర్చుంటేనే వస్తుందని లేదు. అడుగు మీద ధ్యాస నిలిపినా వస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ల చేత దీ సార్లీ బృందం పాటలకి నడిపిస్తారు. ఆ సంగీతం నిదానంగా, తూకంగా వుంటుంది కాబట్టి. దారియెన్సోది హుషారు తాళం. ఆయన్ని తాళానికి రాజు అనేవారు. అది కాస్త కాళ్లు కుదిరాక.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఆగడం కూడా నాట్యమే! పాట సాగుతూనే వుంటుంది, జంట ఆగిపోతుంది. ఒకరి ఊపిరి ఒకరికి తెలుస్తుంది. తర్వాత మళ్లీ కదులుతారు. ఆగినంతసేపూ ఏదో ఒకటి చేసెయ్యాలన్న కంగారు లేకపోవడమే గొప్ప. మనకి ఆ అదృష్టం లేదు లెండి. ఒక్క క్షణం కూర్చుంటే "ఖాళీగానే వున్నావుగా, కాస్త ఈ పని చెయ్యి" అంటారు.

లాగకూడదు, తొయ్యకూడదు

మన కోలాటంలో ఎవరు ఎప్పుడు ఎటు తిరగాలో ముందే తెలుసు. టాంగోలో అలా కాదు. ముందుగా కట్టిన వరస లేదు. అప్పటికప్పుడు పుట్టాల్సిందే. ఒకరు దారి చూపుతారు, ఒకరు అనుసరిస్తారు. అనుసరించేవాళ్లు చాలాసేపు వెనక్కి నడుస్తారు. కంటికి కనపడని దిక్కుకి, ఎత్తుమడమల చెప్పులతో! మరి పడిపోరా అంటే, అక్కడే వుంది కిటుకు.

దారి చూపేవాడు చేతులతో లాగడం, తొయ్యడం పనికిరాదు. అలా చేసేవాడిని మొరటువాడి కింద జమకడతారు. తన గుండె భాగంతోనే సంగతి చెప్పాలి. తను ముందుకి రాబోతున్నానని ఒంటి కదలికతో ఒక సూచన ఇస్తాడు. అది ఆజ్ఞ కాదు, ఆహ్వానం. ఆవిడ దాన్ని అందుకుని, కాలు చాచి, బరువు మార్చుకునేదాకా ఇతను ఆగాలి. ఆవిడ అడుగు పూర్తి కాకుండా తన అడుగు వేశాడో, కాలు తొక్కుతాడు. కాబట్టి దారి చూపేవాడు ప్రతి క్షణం ఆవిడ బరువు ఏ కాలి మీద వుందో తెలుసుకుంటూ వుండాలి. అంటే ఏమిటన్నమాట? నడిపించేవాడు ముందు వినడం నేర్చుకోవాలి!

ఇక అనుసరించే ఆవిడ వంతు. "తర్వాత ఇటు తిప్పుతాడు కాబోలు" అని ముందే ఊహించి కదలకూడదు. అలాగని సంచీలా వేలాడకూడదు. తన బరువు తన కాళ్ల మీదే మోసుకోవాలి. తన అడుగుకి ఎంత సమయం కావాలో అంత తీసుకునే హక్కు ఆవిడకి వుంది. మధ్యలో పాదంతో చిన్న ముగ్గు గీసినట్టు తన సొగసు తను చేర్చుకోవచ్చు, అతను ఆగుతాడు. ఈ ఇద్దరి మధ్యా తెగకుండా వుండే దారాన్నే అక్కడివాళ్లు 'కలయిక' అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. చేతులు వేసుకోవడాన్ని డాన్సు పట్టు అనరు, 'అబ్రాసో' అంటారు. అంటే అచ్చంగా ఆలింగనం అనే.

స్వర్ణయుగంలో ఒక మంచి అలవాటు వుండేదిట. కుర్రవాళ్లు నాట్యశాలలో అడుగుపెట్టే ముందు తమలో తామే సాధన చేసేవారు. అప్పుడు కొత్తవాడి చేత మొదట అనుసరించే భాగమే, అంటే ఆడవాళ్ల భాగమే చేయించేవారు. తోస్తే ఎలా వుంటుందో, లాగితే ఎలా వుంటుందో తన ఒంటికి తెలిశాకే వాడు ఇంకొకరిని నడిపించడానికి పనికొస్తాడు. ఎంత తెలివైన పద్ధతో చూడండి. పెళ్లికి ముందు మన మగపిల్లలకి కూడా ఓ ఆర్నెల్లు కోడలి ఉద్యోగం ఇప్పిస్తే ఎంత బాగుంటుంది! ఇప్పుడు అక్కడ ఆడవాళ్లు కూడా దారి చూపే భాగం నేర్చుకుంటున్నారు. ఇద్దరు ఆడవాళ్లు జంటగా చెయ్యడమూ మామూలైపోయింది.

పరాయివాళ్లతోనా అని కదూ మీ సందేహం?

నాకూ అదే వచ్చింది. పేరైనా తెలియని మనిషిని ఆనుకుని నాట్యమేమిటి, ఇదేం మర్యాద అని అడిగేశాను. మా పిల్ల నవ్వి, "అత్తయ్యా, మన సిటీ బస్సు కంటే అక్కడ మర్యాద ఎక్కువ" అంది. అక్కడి కట్టుబాట్లు విన్నాక నేనూ ఒప్పుకున్నాను.

టాంగో చేసే సభని 'మిలోంగా' అంటారు. బాగా పాత పద్ధతి పాటించే చోట ఆడవాళ్లు ఒక వైపు, మగవాళ్లు ఒక వైపు కూర్చుంటారు, అచ్చం మన పెళ్లిపందిట్లోలాగే. మగవాడు వచ్చి మీద పడి "రండి" అనడానికి లేదు. దూరం నుంచే చూస్తాడు. ఆవిడకి ఇష్టమైతే ఆ చూపు కలుపుతుంది. అతను చిన్నగా తల ఊపుతాడు, ఆవిడా ఊపుతుంది. దీన్ని 'కబెసేఓ' అంటారు. ఇష్టం లేదనుకోండి, ఆవిడ చూపు పక్కకి తిప్పుకుంటుంది. అంతటితో సరి. అతను నలుగురిలో కాదనిపించుకోలేదు, ఆవిడ నోరు తెరిచి కాదనలేదు. ఇద్దరి పరువూ దక్కింది. ఎందుకు రానన్నావని అడిగే హక్కు ఎవరికీ లేదు.

పాటలు మూడో నాలుగో కలిపి ఒక కట్టగా వేస్తారు. దాన్ని 'తాందా' అంటారు. ఒక తాందా అంతా ఒకరితోనే. తర్వాత సంబంధం లేని సంగీతం కాసేపు వినిపిస్తారు. దాని పేరు 'కోర్తీనా', అంటే తెర. తెర పడగానే అతను ఆవిడని ఆవిడ కుర్చీ దాకా దిగబెట్టి వెళ్లిపోవాలి. మధ్యలో ఎవరైనా ఇబ్బందిగా ప్రవర్తిస్తే ఆవిడ 'గ్రాసియాస్', అంటే కృతజ్ఞతలు, అంటుంది. ఆ ఒక్క మాటతో నాట్యం ముగిసిపోయినట్టే లెక్క. జంటలన్నీ గుండ్రంగా, గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిరుగుతాయి. ముందు జంటని తోసుకుపోవడం తప్పు. ఒకవేళ తగిలితే, కళ్లతోనే క్షమాపణ.

ఎనభై ఏళ్ల ముసలాయన పాతికేళ్ల అమ్మాయితో చేస్తాడు, అరవై ఏళ్లావిడ కుర్రాడితో చేస్తుంది. ఎవరూ వింతగా చూడరు. బ్యూనస్ ఎయిర్స్ లో బెల్గ్రానో అనే పేటలో 'లా గ్లోరియేతా' అని పార్కులో ఒక మండపం వుంది. సాయంత్రాలు అక్కడ ఆరుబయటే నాట్యం. సాన్ తెల్మో పేటలోని దొర్రేగో కూడలిలో ఆదివారం పాత సామాన్ల సంత ముగిశాక అక్కడే జంటలు చేరతాయి. మా పిల్ల ఆ మండపానికే ఎక్కువగా వెళ్లేదిట.

"వారమంతా ఆఫీసులో కంప్యూటరు తప్ప మనిషి తగిలేవాడు కాదు అత్తయ్యా. అమ్మతో ఫోన్లో మాట్లాడేదాన్ని, కానీ ఫోను భుజం మీద చెయ్యి వెయ్యదు కదా! అక్కడికి వెళ్తే ఒక పెద్దావిడ, మా అమ్మమ్మంత వుంటుంది, మిగతా జంటల్లో నాతో నాలుగు పాటలు నడిచేది. ఆవిడ మాట నాకు సగం తెలిసేది కాదు. ఇంటికి వచ్చి హాయిగా నిద్రపోయేదాన్ని" అంది. అది చెప్పేటప్పుడు దాని గొంతు మారింది. పిల్లల్ని దూరదేశాలు పంపించి, జీతమెంత, తిండి ఎలా వుంది అని అడుగుతాం. "నిన్ను ఆప్యాయంగా తాకి ఎన్నాళ్లయిందమ్మా?" అని అడగాలని మనకి తోచదు. వందేళ్ల క్రితం ఓడ దిగిన ఆ ఒంటరివాళ్లకి ఈ నాట్యం ఎందుకు కావలసి వచ్చిందో నాకు ఆ క్షణాన అర్థమైంది.

దాంపత్యం తెగినా అడుగు తెగలేదు

టాంగోలో ప్రపంచప్రసిద్ధి పొందిన జంట హువాన్ కార్లోస్ కోపేస్, మరియా నియేవెస్. చిన్న వయసులో నాట్యశాలలో కలిశారు, ప్రేమించుకున్నారు, పెళ్లి చేసుకున్నారు. టాంగోని వీధుల్లోంచి పెద్ద పెద్ద రంగస్థలాల మీదకి తీసుకెళ్లినవాళ్లలో వీళ్లు ముందు వరసలో వుంటారు. తర్వాత దాంపత్యం చెడింది. ఆయన వేరే సంసారం పెట్టుకున్నాడు. అయినా ఏళ్ల తరబడి ఇద్దరూ జంటగా నాట్యం చేస్తూనే వచ్చారు. తెర వెనక మాటలు లేవు, తెర ముందు అడుగు తప్పలేదు. 2015లో వచ్చిన 'అవర్ లాస్ట్ టాంగో' అనే డాక్యుమెంటరీలో ఈ కథంతా వుంది. కోపేస్ 2021లో చనిపోయాడు.

ఇది విని "అబ్బ, ఎంత గొప్ప!" అనుకోవాలో, "అయ్యో పాపం" అనుకోవాలో నాకు తేలలేదు. ఆవిడ మనసులో ఎంత మంట వుండి వుంటుంది! కానీ ఒకటి మాత్రం నిజం. మన చుట్టూ దీనికి తలకిందులుగా బతికే జంటలు ఎన్ని లేవు? పెళ్లి చెక్కుచెదరలేదు, షష్టిపూర్తి కూడా అవుతుంది. అడుగు మాత్రం ఒక్కనాడూ కలవదు.

వైద్యులు ఏమంటున్నారు?

వణుకుడు జబ్బు, అదే పార్కిన్‌సన్స్ వ్యాధి, వచ్చినవాళ్లకి అడుగు తియ్యడమే కష్టం. కాళ్లు నేలకి అతుక్కుపోయినట్టు ఆగిపోతారు. అమెరికాలో సెయింట్ లూయిస్ లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇలాంటివాళ్లకి టాంగో నేర్పి చూశారు. మామూలు వ్యాయామం చేసినవాళ్ల కంటే టాంగో చేసినవాళ్లకి తూలిపోకుండా నిలదొక్కుకునే శక్తి మెరుగుపడిందని 2007లో ప్రకటించారు. ఎందుకంటే ఈ నాట్యంలో వెనక్కి నడవడం, ఆగి మళ్లీ మొదలెట్టడం, ఒంటికాలి మీద బరువు నిలపడం, తాళానికి అడుగు వెయ్యడం అన్నీ వున్నాయి. వాళ్లకి కష్టమైన పనులు సరిగ్గా అవే. ఇది జబ్బుని తగ్గించే మందు కాదు, గుర్తుంచుకోండి. వేసుకునే మాత్రలు మానకూడదు. నడకకి ఊతం, అంతే.

మా అత్తగారికి నిరుడు తుంటి ఆపరేషన్ అయింది. ఇంకా పట్టుకుని నడిపించాలి. మా పిల్ల వున్న పది రోజులూ ఆవిడని వరండాలోకి తిప్పింది. దాని పద్ధతి చూడముచ్చటగా వుంది. చెయ్యి పట్టి లాగదు. పక్కన ఆనుకుని నిలబడి, తన ముంజేతి మీద అమ్మమ్మ ముంజేయి ఆనించుకుంటుంది. "అమ్మమ్మా, బరువు కుడి కాలి మీదకి వచ్చిందా? సరే, ఇప్పుడు ఎడమది" అని, ఆవిడ అడుగు పూర్తయ్యాకే తన అడుగు వేస్తుంది. మూడో రోజు మా అత్తగారు "ఇది నన్ను నడిపించడం లేదే, నాతో నడుస్తోంది" అన్నారు. ఇంట్లో పెద్దవాళ్లు వున్నవారు ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఇంట్లోనే చేసి చూడండి

గంటలు అక్కర్లేదు, పది నిమిషాలు చాలు. ముందు హాల్లో స్టూళ్లు, పట్టాలు, కాలికి తగిలే వైర్లు తీసెయ్యండి. తడి వుండకూడదు. మోకాళ్ల నొప్పులు, కళ్లు తిరగడం వున్నవారు గోడ పక్కన నిలబడి, ముందు డాక్టరుగారిని అడిగి చెయ్యండి.

1. రెండు పాదాలు దగ్గరగా పెట్టి నిటారుగా నిలబడండి. బరువంతా కుడి కాలి మీదకి మార్చండి. ఎడమ కాలు తేలిగ్గా లేస్తే బరువు సరిగ్గా మారినట్టు. తర్వాత అటు మార్చండి. ఇలా పదిసార్లు.

2. ఇప్పుడు ఒక కాలు ముందుకి చాచి నేలని తాకించండి. ఆగండి. తర్వాత బరువు వెయ్యండి. వెనక కాలిని పక్కకి చేర్చండి. గది ఆ చివరికి వెళ్లేసరికి ఎన్నిసార్లు మనసు వంటింట్లోకి పోయిందో లెక్కపెట్టుకోండి. నవ్వొస్తుంది!

3. నిదానంగా సాగే మీకు ఇష్టమైన పాట ఏదైనా పెట్టుకోండి. తాళానికి ఒక అడుగు. మధ్యలో బుద్ధి పుట్టినప్పుడు ఆగండి. తొందరేం లేదు.

4. ఇక జంటగా. అమ్మాయితోనో, చెల్లెలితోనో, మీవారితోనో ఎదురెదురుగా నిలబడి, అరచేతులు ఆనించండి. ఒకరు కళ్లు మూసుకోవాలి, ఒకరు నడిపించాలి. మాట్లాడకూడదు, తొయ్యకూడదు. ఐదు నిమిషాలయ్యాక భాగాలు మార్చుకోండి. మార్చుకోవడం మాత్రం మరిచిపోవద్దు. అసలు పాఠం అక్కడే వుంది.

నేను ఇది మావారితో చేయించాను. "ఈ వయసులో డాన్సేమిటే" అని నవ్వుతూనే ఒప్పుకున్నారు. ఆయన నడిపించినంతసేపూ బాగానే సాగింది. కళ్లు మూసుకునే వంతు ఆయనకి వచ్చేసరికి నాలుగు అడుగులకే తెరిచేశారు. "ఎటు తీసుకెళ్తున్నావో తెలియద్దూ?" అన్నారు. "ఇరవై నాలుగేళ్లుగా నేను మీతో అలాగే వస్తున్నాగా" అన్నాను. సరదాకే అన్నాను. ఆయన ఏమీ అనలేదు. మళ్లీ కళ్లు మూసుకున్నారు. ఈసారి బీరువా దాకా వచ్చారు. మర్నాడు కూరల బజారుకి వెళ్లినప్పుడు ఎప్పటిలాగే పది అడుగులు ముందు పోయారు కానీ, మలుపు దగ్గర నిలబడి వెనక్కి చూశారు. నేను చేరేదాకా కదల్లేదు.

మన వీధుల్లో సాయంత్రం చూడండి. ముందు ఆయన, పది అడుగుల వెనక ఆవిడ, ఆవిడ చేతిలో సంచీ. సప్తపదిలో ఏడడుగులు కలిసి నడిపించిన సంప్రదాయం మనది. ఎనిమిదో అడుగు నుంచి ఎవరి దారి వారిదైతే ఎలా? కలిసి నడవడమంటే పక్కన వుండడం మాత్రమే కాదు. పక్కవారి బరువు ఏ కాలి మీద వుందో తెలిసి వుండడం. అత్తగారికైనా, ఆయనకైనా, పరీక్షల బెంగతో వున్న పిల్లవాడికైనా ఇదే వర్తిస్తుంది.

ఈ వారం పది నిమిషాలు మీరూ నడిచి చూడండి. ఎవరితో నడిచారో, ఎవరు ముందుగా కళ్లు తెరిచారో నాకు ఉత్తరం రాయండి. మంచివి ఈ పేజీలోనే చెప్పుకుందాం. వచ్చే వారం దాకా సెలవు.